రెండో స్టేషన్లో దిగాల

మెడికల్ బోర్డు వాళ్ల కాగితం శనివారం వచ్చింది. బుధవారం పొద్దున పదిన్నరకు బెంగళూరులో హాజరు కావాలి, మనిషి స్వయంగా రావాలి, ఛాతీ ఎక్స్‌రే వెంట తేవాలి, రాకపోతే ఫైలు మూసేస్తాం అని కన్నడంలో రాసి, కింద అదే సంగతి ఇంగ్లీషులో మళ్లీ రాసి, గుండ్రటి ముద్ర కొట్టారు. ఊపిరాడని మనిషికి ఊపిరాడడం లేదని రాసివ్వడానికి ఆ మనిషినే వంద కిలోమీటర్లు రమ్మన్నారు. ఈ తెలివి ఎవరికి పుట్టిందో గానీ వాడి చేతులు పడిపోను అని గంగమ్మ ఆ రోజంతా తిడుతూనే ఉంది.

తిట్టినా వెళ్లక తప్పదని ఆమెకు తెలుసు. మొగుడు కదిరప్పకు వచ్చింది బంగారు గనిలో పట్టిన మైను దుమ్ము జబ్బేనని బోర్డు రాసిస్తే ఆస్పత్రి నుంచి ఊపిరి మిషను ఇంటికి వస్తుంది. వయసు ఆయాసమనో, పాత టీబీ అనో రాస్తే రాదు. వెనక వీధి చిన్నవెంకటప్పకు నిరుడే వచ్చింది. ముక్కుకు గొట్టం పెట్టుకుని వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు మహానుభావుడు. కదిరప్ప వీపు నేలకు ఆని ఏడు నెలలైంది. గోడకు చేరగిలబడి, మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద తల వాల్చి తెల్లవారుస్తున్నాడు. మిషను లేకుండా ఇంకో వానాకాలం చూడడని రాబర్ట్‌సన్‌పేట డాక్టరు గంగమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట ఆమె మొగుడి చెవిన వేయలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, గుడ్డలైనా మార్చుకోకుండా పక్కింటి సెలీన్ గంగమ్మ ఇంటి వాకిట్లోకి వచ్చింది. ఆండర్సన్‌పేటలో ఆ వరస ఇళ్ల పిల్లలు సగం మంది తెల్లారి రైలెక్కి బెంగళూరుకు పోయేవాళ్లే. బి.కాం. చదివిన సెలీన్ అక్కడ భూమి కింద మెట్రో స్టేషన్లో కాంట్రాక్టు మీద నేల తుడుస్తుంది. సిటీ స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే పొగకు కదిరప్ప మామ ప్రాణం పోతుందనీ, బస్సు మెట్లు ఎక్కలేడనీ, మెట్రోలో అయితే లిఫ్టు ఉంటుందనీ, బోర్డు ఆఫీసు తను పనిచేసే మార్కెట్టు స్టేషనుకు రోడ్డు అవతలే ఉందనీ తేల్చి చెప్పింది. గంగమ్మను అడిగి ముగ్గుపిండి డబ్బా తీసుకుని వాకిట్లో గీతలు గీసింది.

"ఇది గేటు అత్తా. టికెట్టు బదులు ఇచ్చే బిళ్లను దీని మీద ఆనిస్తే రెక్కలు తెరుచుకుంటాయి. ఒక్కొక్కరే పోవాల. ఇద్దరు ఒకేసారి దూరితే అరుస్తాది."

"బిళ్ల ఆడ్నే వదిలెయ్యాలనా?"

"అయ్యో, వదలగూడదు. చేతిలోనే పెట్టుకోవాల. బయటికొచ్చేటప్పుడు ఇంగో గేటు ఉండాది. దాని సందులో వేస్తే మింగేస్తాది, అప్పుడు తెరుచుకుంటాది. పోగొట్టుకున్నారంటే పైకి రానివ్వరు."

అరుగు మీద కూర్చున్న కదిరప్ప నవ్వాడు. నవ్వడానికి కూడా అతనికి రెండు ఊపిరులు కావాలి. "మా మైను టైమాఫీసులో కూడా అంతే పాపా. బిళ్ల తిరిగి ఇయ్యందే మనిషి పైకొచ్చినట్టు కాదు. ఇదేం కొత్తా?"

"ఇది పసుపు గీత," సెలీన్ ఇంకో చార గీసింది. "దీని ఇవతల నిలబడాల. దాటితే ఈల వేస్తారు. బండొస్తానే ముందు దిగేవాళ్లను దిగనిచ్చి, తర్వాత గబగబా ఎక్కెయ్యాల. సిటీ స్టేషను ఎదురుగా మెజెస్టిక్కులో ఎక్కితే మొదటి స్టేషను వదిలెయ్యండి. రెండో స్టేషన్లో దిగాల. నేను లిఫ్టు దగ్గరే ఉంటాను, నీలం కోటేసుకుని."

గంగమ్మ "రెండోది, రెండోది" అని రెండుసార్లు అనుకుంది. పుట్టి అరవై ఏళ్లయినా ఆమె భూమి కిందికి దిగింది లేదు. మొగుడు, మామ, ముగ్గురు మరుదులు దిగిన చోటికి ఆడమనిషిని దించరు. ఇప్పుడు దిగబోతున్నందుకు భయం ఒక పక్కా, ఎవరికీ చెప్పుకోలేని సంబరం ఒక పక్కా ఉన్నాయి.

"తలుపులు ఎవురేస్తారు?" అడిగాడు కదిరప్ప.

"ఎవరూ వెయ్యరు మామా. కుయ్‌మని అరిచి వాటంతట అవే మూసుకుంటాయి."

"గంట ఎవురు కొడతారు మరి? అందరూ ఎక్కినారా లేదా అని జూసేదెవురు?"

"ఎవరూ జూడరు."

"అట్లెట్ల కుదురుతాది?" కదిరప్ప ఒప్పుకోలేదు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే గ్యాంగుకు అతను పద్నాలుగేళ్లు మేస్త్రీ. మనుషుల్ని దించే పని తనకు ఒక చిన్న పిల్ల నేర్పడమేమిటని అతని ముఖంలోనే ఉంది.

"మేము విడిపోతే ఏం జేయాల సెలీనూ?" అంది గంగమ్మ.

సెలీన్ నోరు తెరిచేలోగా కదిరప్ప అడ్డం వచ్చాడు. "విడిపోయేదేందే? నేను లేనా?" ఆ మాట అక్కడితో పోయింది. దగ్గు తెర వచ్చి అతను గోడ పట్టుకోవడంతో గంగమ్మ ముగ్గుపిండి గీతలన్నీ తొక్కుకుంటూ వెళ్లి అతని వీపు రాసింది.

సెలీన్ వెళ్లాక గంగమ్మ ఒకే మాట చెప్పింది. "బోర్డు వాళ్ల ముందర నువ్వు నోరు తెరవొద్దు. నేను చెప్తాను. రాత్రంతా నీ పక్కన మేలుకోని ఉండేదాన్ని నేను."

"నాకు నోరు లేదా?"

"ఉండాది. అదే నా భయం."

మంగళవారం ఆమె రాబర్ట్‌సన్‌పేటకు పోయి ఎక్స్‌రే తెచ్చింది. ఫోటో తీసే అబ్బాయి దాన్ని దీపానికి ఎత్తి చూపించాడు. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు, రాగులు చల్లినట్టు. "ఇదంతా రాయి పొడే అమ్మా. దీన్ని చూసి కూడా కాదంటే వాళ్లకు కళ్లు లేనట్టే," అన్నాడు. గంగమ్మ ఆ బొమ్మ మీంచి కళ్లు తిప్పుకుంది, మరుక్షణం ఆమెకు ధైర్యమూ వచ్చింది. ఇంత కంటే సాక్ష్యం ఏం కావాలి? కవరును పాత చీరలో చుట్టి, బోర్డు కాగితం దానిలోనే పెట్టి, సంచీ నిలువునా పట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చింది.

ఇంటికి వచ్చి చూస్తే కదిరప్ప నున్నగా గడ్డం గీయించుకుని, తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా ఎదురుగా పెట్టుకుని బూట్లకు పాలిష్ వేస్తున్నాడు. రెండు సార్లు బ్రష్షు ఆడించడం, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్లీ రెండు సార్లు ఆడించడం. గంగమ్మకు ఒళ్లు మండింది.

"పెండ్లికి పోతా ఉండావా? ఆ పాత బనీనే ఏసుకో. గడ్డం అట్లే పెట్టుకోని ఉంటే ఏం పోయె? రోగం ఉండేవాడు రోగం ఉండేవాడి మాదిరి ఉండాల."

"డాక్టరు ముందరికి అట్ల పోతారా యాడన్నా? మా మైను క్యాప్టెను జూసింటే గేటు కాడే తిప్పి పంపింటాడు."

"క్యాప్టెనూ లేడు, మైనూ లేదు. మూసేసి పదిహేడేండ్లు."

అతను వినలేదు. బూటు ముక్కు మీద ఉమ్మి, గుడ్డతో రుద్దుతూనే ఉన్నాడు. అదే గ్యాంగులో పనిచేసిన పాపన్నకు కూడా బుధవారమే పిలుపు. అతన్ని కొడుకు ముందు రోజే బస్సులో తీసుకుపోయాడు. పోయే ముందు వాకిట్లో నిలబడి, "అన్నా, నాది పదహైదో నంబరు, నీది పద్నాలుగు. నువ్వు ముందర పోయి దోవ జెయ్యి," అన్నాడు. కదిరప్ప ఆ మాటకు పొంగిపోయి సరే సరే అన్నాడు.

బుధవారం చీకటితోనే మారికుప్పంలో రైలెక్కారు. బండి అక్కడే బయలుదేరుతుంది కాబట్టి సీట్లు దొరికాయి. బంగారుపేట దాటేసరికి కాలు పెట్టే సందు లేదు. మాలూరులో ఎవరో బీడీ వెలిగిస్తే గంగమ్మ లేచి నిలబడి వాడి ఏడు తరాలనూ కడిగింది. వాడు బీడీ పారేశాడు. కదిరప్ప కిటికీ చువ్వలకు నుదురు ఆనించి, గాలి ముక్కుకు తగిలేలా పెట్టుకుని, జేబులోంచి ఒక్కొక్క మిరియం గింజ తీసి నములుతూ కూర్చున్నాడు. సిటీ స్టేషన్లో దిగి, రోడ్డు దాటి, మెట్రో వాకిలి చేరడానికి ముప్పావు గంట పట్టింది. పది అడుగులు నడవడం, ఏదో ఒక స్తంభం పట్టుకోవడం. మనుషులు అతన్ని తప్పుకుని రెండు పాయలుగా పోతున్నారు. తొమ్మిదిన్నర దాటింది.

వాకిట్లోనే తగువు. సంచులన్నీ ఒక మిషన్లో దూర్చాలట, అది లోపలున్న వాటిని ఎక్స్‌రే తీస్తుందట. గంగమ్మ సంచీ గుండెలకు అదుముకుంది.

"దీంట్లో ఎక్స్‌రే ఫోటో ఉండాదమ్మా. ఎక్స్‌రే మీద ఎక్స్‌రే పడితే బొమ్మ చెరిగిపోదా?"

కాపలా ఆడపిల్ల పడీ పడీ నవ్వింది. వెనక క్యూ పెరిగి గొణుగుడు మొదలయ్యాక, సంచీలోని పాత చీర మడతలు విప్పించి, కవరును చేత్తో తడిమి చూసి పంపించింది. గంగమ్మ పరువు పోయినా బొమ్మ దక్కింది. టికెట్ కిటికీ దగ్గర చెరొక నల్ల బిళ్ల తీసుకున్నారు. కదిరప్ప ఆమె బిళ్లను ఆమె కొంగు కొసన ముడి వేసి, తర్వాత అది గేటు మీద ఎలా ఆనించాలో తోచక మళ్లీ విప్పాడు. రెక్కలు తెరుచుకున్నాయి. ఆమె ముందు, అతను వెనక.

లిఫ్టు దిగుతుంటే గంగమ్మ కళ్లు మూసుకుంది. తలుపు తెరుచుకున్నాక చూస్తే అది భూమి కింద ఉన్నట్టే లేదు. పాలరాయి పరిచినట్టు నేల, పట్టపగలు కంటే ఎక్కువ వెలుతురు, చల్లగాలి. ఇంతేనా! దీనికేనా నేను రాత్రి పొడుగునా వణికింది అనుకుంది. మొగుడి వంక తిరిగింది. కదిరప్ప నిటారుగా నిలబడి ఉన్నాడు. సొరంగం లోంచి వచ్చే గాలికి ముఖం ఎదురు పెట్టి, కళ్లు సగం మూసి, నిదానంగా ఊపిరి తీస్తున్నాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి తట్టాడు.

"సొరంగానికి సిమెంటు రింగులు పెట్టినారు. దుంగల్లేవు. బో గట్టిపని," అన్నాడు. ఏడు నెలల్లో అతను ఆగకుండా అన్ని మాటలు అనడం ఆమె విన్లేదు. "బాగుండాదా?" అంది. "మా ఇంటికొచ్చినట్టు ఉండాది," అన్నాడు. గంగమ్మకు ఏడుపు వచ్చినంత పనయింది. బోర్డు, మిషను, కాగితం అన్నీ వదిలేసి ఈ మనిషిని ఇక్కడే ఒక మూల కూర్చోబెడితే బతుకుతాడేమో అనిపించింది.

బండి వచ్చింది. దిగేవాళ్లు దిగారు. కదిరప్ప గంగమ్మ భుజం మీద చెయ్యి వేసి తలుపులోకి నెట్టి, తను వెనక్కి జరిగి తలుపు పక్కన నిలబడ్డాడు. కుడి చెయ్యి అడ్డంగా చాచాడు. "తోసుకోవద్దండప్పా. ఒగరెనక ఒగరు. పదండి, పదండి." కాలేజీ పిల్లలు నలుగురు, పూల బుట్ట మనిషి, ల్యాప్‌టాప్ సంచీ వాడు ఎక్కారు. అతని పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు! గంగమ్మకు అప్పుడు అర్థమయింది. గనిలో దించేటప్పుడు గ్యాంగు అంతా ఎక్కాక, ఆఖరికి మేస్త్రీ ఎక్కాలి. అతను ఎక్కి గంట లాగితే గానీ కేజీ అనే ఆ ఇనుప బోను కదలదు. మేస్త్రీని వదిలేసి పోయిన కేజీ ఈ భూమ్మీద లేదు.

"యోవ్! ఎక్కు!" అని ఆమె అరిచింది. తలుపు కుయ్‌మంది. అద్దాల రెక్కలు రెండూ వచ్చి కలుసుకున్నాయి. అవతల కదిరప్ప కంగారు కూడా పడలేదు. ఎవరో ఇప్పుడు గంట కొట్టి ఆపుతారన్నట్టు, చెయ్యి చాచినవాడు చాచినట్టే నిలబడి చూశాడు. బండి కదిలింది. అతనూ, ఆ వెలుతురూ పక్కకు జారిపోయి కిటికీలన్నీ నల్లబడ్డాయి.

గంగమ్మ తలుపు మీద రెండు చేతులతో బాదింది. "నిలపండి! నా మొగుడు ఆడ ఉండాడు! నిలపండయ్యా!" గుంజుదామంటే గొలుసు లేదు. బండి నడిపేవాడు ఎక్కడున్నాడో తెలియదు. కాలేజీ పిల్ల ఒకతి ఆమె చెయ్యి పట్టుకుని, "అజ్జీ, ముందిన స్టేషన్‌నల్లి ఇళిరి, వాపస్ హోగబహుదు," అంది. వచ్చే స్టేషన్లో దిగి వెనక్కి పోవచ్చట. సంచీ ఆమె దగ్గర ఉంది. ఎక్స్‌రే, కాగితం ఆ సంచీలో ఉన్నాయి. ఊపిరాడని మనిషి జేబులో మిరియాలు, చేతిలో ఒక బిళ్ల, అంతే ఉన్నాయి.

మొదటి స్టేషన్లో దిగింది. దిగి, కదల్లేక అలాగే నిలబడిపోయింది. ముందుకా, వెనక్కా? అతను అక్కడే ఉంటాడా, వస్తాడా? కూలబడి ఉంటే? దగ్గు తెర వచ్చి పట్టాల వైపు తూలితే? ఆ ఆలోచనతో ఇంక నిలబడలేకపోయింది. కాపలా మనిషి అదే ప్లాట్‌ఫారం రెండో పక్క చూపించాడు. మెజెస్టిక్కు పోయే బండి ఎక్కింది. అది కదిలిన నిమిషానికి పక్క సొరంగంలో ఇంకో బండి ఎదురు వచ్చి దడదడమని దాటిపోయింది. ఆమె దాన్ని చూడను కూడా లేదు. రెండు చేతులతో సంచీ పట్టుకుని, తలుపు గీతకే కళ్లు అతికించుకుని నిలబడింది.

మెజెస్టిక్కులో అతను లేడు. ఆ చివర నుంచి ఈ చివరకు వెతికింది. పసుపు గీత తొక్కిందని ఈల వేశారు. ఈల వేసినవాడి దగ్గరికే పరుగెత్తి, ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు, తెల్లజుట్టు అని చెప్పింది. వాడికి తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు. ఇంకొకడిని పిలిచాడు. ఆ ఇంకొకడు గదిలోకి తీసుకుపోయి పేరడిగి మైకులో చెప్పించాడు. కదిరప్ప, కదిరప్ప, ఆండర్సన్‌పేట కదిరప్ప అని స్టేషనంతా మోగింది. ఎవరూ రాలేదు. కెమెరా తీసిన బొమ్మను నల్ల టీవీ మీద వెనక్కి తిప్పి చూశారు. ఆ బొమ్మలో కదిరప్ప తర్వాతి బండి దాకా అక్కడే నిలబడ్డాడు. అది వచ్చాక, దానికీ చెయ్యి చాచి జనాన్ని ఎక్కించబోయి, ఎందుకో టక్కున ఆగి, అందరికంటే ముందు తను ఎక్కేశాడు.

"పోయినాడమ్మా. మీ వెనకాలే పోయినాడు," అన్నాడు మైకు మనిషి.

గోడ గడియారం పదీ ముప్పై అయిదు చూపిస్తోంది. గంగమ్మకు ఏడవడానికి కూడా తీరిక లేదు. మళ్లీ బండి ఎక్కింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే పసుపు గీత ఇవతల నిలబడింది, దిగేవాళ్లను దిగనిచ్చింది, గబగబా ఎక్కింది. మొదటి స్టేషను పోయింది. రెండో దాంట్లో దిగింది.

సెలీన్ లిఫ్టు దగ్గర నేల తుడిచే కర్ర పట్టుకుని ఎదురు చూస్తోంది. ముఖం పాలిపోయి ఉంది.

"మామ ఏడే?"

"వచ్చినాడత్తా. బాగానే వచ్చినాడు. నీ కోసం ఉందామంటే వినలేదు. పదిన్నరకు పిలుస్తారు, పేరు పిలిస్తే పలక్కపోతే ఫైలు మూసేస్తారన్నాడు. అదీ నిజమే కదా అని నేనే లిఫ్టెక్కించి, రోడ్డు దాటించమని పైన పూలు అమ్మే ఆమెకు అప్పజెప్పినాను. నేను ఈడ నుంచి కదిలితే పని పోతాది అత్తా..."

"ఒక్కడేనా లోపలికి పోయింది?" అంది గంగమ్మ. సెలీన్‌ను తిట్టడానికి నోరు రాలేదు. ఆ పిల్ల తప్పేముంది? గేటు దగ్గరికి పరుగెత్తి బిళ్లను సందులో వేసింది. మింగకుండా బయటికి కక్కేసింది. ఎర్ర దీపం. వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా లోపల అటూ ఇటూ తిరిగిన వాళ్లను అది వదలదట. కిటికీ దగ్గరికి పోయి చెప్పుకోవాలట. అక్కడ ఎనిమిది మంది క్యూ. సెలీన్ కర్ర పారేసి వచ్చి, కిటికీ లోపలి మనిషిని చేతులు జోడించి బతిమాలి, బిళ్లను సరిచేయించింది. రెక్కలు తెరుచుకున్నాయి. లిఫ్టు కోసం చూడకుండా గంగమ్మ మెట్లన్నీ ఎక్కింది. పైన ఎండ కళ్లలో కొట్టింది.

బోర్డు ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. నడవా నిండా బల్లలు, బల్లల నిండా వయసు మళ్లిన మొగవాళ్లు. అందరూ ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, ఒకే రకంగా కూర్చుని ఉన్నారు. ఆ చివర గది తలుపు దగ్గర జవాను స్టూలు. "పద్నాలుగు, కదిరప్ప," అని ఆయాసపడుతూ అడిగింది గంగమ్మ. "లోపల ఉన్నాడు," అన్నాడు జవాను.

"నేను ఆయన భార్యను. ఫోటో నా కాడ ఉండాది. నేను చెప్పాల్సినవి ఉండాయి."

"ఒకసారి ఒకరే. కూర్చోండి."

కూర్చోలేదు. సంచీ లోంచి చీర చుట్ట తీసి, కవరు బయటికి లాగి పట్టుకుంది. చెయ్యి తలుపు మీద వేసే లోపే తలుపు తెరుచుకుని కదిరప్ప బయటికి వచ్చాడు. నిటారుగా ఉన్నాడు. చొక్కా నలగలేదు. ముఖం ఎర్రబడి ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, అయినా నవ్వుతున్నాడు. పాతికేళ్ల కిందట రెండేళ్లకోసారి కంపెనీ మెడికల్ పరీక్ష అయి ఇంటికి వచ్చినప్పుడు ఆమె చూసిన నవ్వు అది.

"ఫిట్టు అన్నారే!" అన్నాడు.

గంగమ్మ అతని భుజం మీదుగా గదిలోకి చూసింది.

"డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టినాడు. నేను పైపైన తీసినాను ఊపిరి. మిరియం నాలిక కింద పెట్టుకోని ఒక్క దగ్గు రానిస్తే ఒట్టు. ఎట్లొచ్చినావు అంటే మెట్రోలో సార్ అన్నాను. ఎవురితో అంటే ఒక్కణ్ణే సార్, ఇరవై ఆరేండ్లు భూమి కింద పనిచేసినోడికి ఇదొక లెక్కా అన్నాను. నవ్వినాడాయన. ఏమన్నా కష్టముండాదా అన్నాడు. నో సార్ అన్నాను."

పక్క బల్ల మీద నుంచి పాపన్న లేచాడు. "అయ్యో అన్నా! ఏం పని జేసినావన్నా! ఇది ఆ మెడికల్లు కాదు గదా!"

నడవాలో అందరూ తలలెత్తి చూశారు. వాళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కంపెనీ డాక్టరు అన్‌ఫిట్టని రాస్తే మరుసటి రోజు నుంచి కేజీ ఎక్కనివ్వరు, పైన ఊడ్చే పనికి వేస్తారు, ఇంట్లో పొయ్యి సగమే వెలుగుతుంది. అందుకని అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కడూ తెల్ల కోటు ముందు దగ్గు మింగినవాడే.

కదిరప్ప నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కళ్లు మాత్రం పాపన్న నుంచి గంగమ్మకూ, గంగమ్మ నుంచి ఆమె చేతిలోని కవరుకూ తిరిగాయి. "నాకు తెల్సు గంగా," అన్నాడు గొంతు తగ్గించి. "దోవంతా అనుకుంటానే వచ్చినాను, దగ్గాల, దగ్గాల అని. ఆ తెల్లకోటు జూస్తానే నోట్లో నుంచి అదే వచ్చేసె."

"ఫోటో అడగలేదా?"

"ఎనక వస్తా ఉండాది అన్నాను. అవసరం లేదులే అన్నాడు."

గంగమ్మ తలుపు తోసింది. జవాను అడ్డం నిలబడ్డాడు. "అయిపోయిందమ్మా. సంతకాలైపోయినాయి. ఇష్టం లేకుంటే వచ్చే సంవత్సరం మళ్లీ అర్జీ పెట్టుకోండి." లోపల తెల్లకోటాయన తల ఎత్తకుండా పదహైదో నంబరు అని పిలిచాడు. వచ్చే సంవత్సరం! ఆమె ఎక్స్‌రేను కవరు లోంచి లాగి జవాను భుజం మీదుగా పైకెత్తి పట్టుకుంది. "సార్, ఒక్కసారి ఈపక్క జూడండి సార్! ఇదో, జూడండి!" ఆయన చూడలేదు.

అప్పుడు కదిరప్పకు దగ్గు వచ్చింది. ఇంతసేపూ లోపల తొక్కిపెట్టినదంతా ఒక్కసారిగా తన్నుకు వచ్చింది. మిరియం గింజ ఎగిరి నేల మీద పడింది. వంగిపోయి, గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఊపిరి లోపలికి పోయే సందే ఇవ్వకుండా వస్తోంది. ప్రతి రాత్రీ అతని వీపు రాస్తూ ఇంక చాలు, ఇంక చాలు తండ్రీ అని మొక్కుకునే గంగమ్మ, ఇప్పుడు అతని చంకల కింద చేతులు వేసి తలుపు వైపు ఈడ్చింది.

"దగ్గు," అంది. "గట్టిగా దగ్గు. వాళ్లకు వినపడేటట్టు దగ్గయ్యా, నీకు మొక్కుతాను!"

పాపన్న వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి అతన్ని గడప దాకా తెచ్చారు. తెరిచిన తలుపుకు అవతల నాలుగు అడుగుల దూరంలో తెల్లకోటు ఉంది. కదిరప్ప దాన్ని చూశాడు. కళ్లు నీళ్లతో నిండి, ముఖం నల్లబడి, రెండు చేతులూ ఎత్తి నోరు గట్టిగా మూసుకున్నాడు. గంగమ్మ ఆ చేతులు లాగేస్తోంది. అతను వదలడం లేదు.